దొమ్మతెవులును దత్తమండలమును

1876వ సంవత్సరము కడపజిల్లా చరిత్రమున మఱపునకు రానిది. ఆ యేట ముంగారి వానలును హింగారి వానలును రెండును తప్పినవి. చెఱువులు నెఱియలు వాఱినవి, బావు లడుగంటినవి, జొన్నచేలు వెన్ను తొడుగకయే మాడిపోయినవి. పెద్దలు దానిని ధాతకఱవని పిలిచిరి. 1871లో సుమారు 13,50,000గా లెక్కింపబడిన జిల్లాజనము 1881 నాటికి సుమారు 11,20,000కు దిగిపోయెను. ఆ జనములో ఎందఱు ఆకలిచేత పోయిరో, ఎందఱు తెవుళ్లచేత పోయిరో విడదీసి చెప్పుట సులభము కాదు. ఆకలియు తెవులును నాడు ఒక్క కాడికి కట్టిన యెద్దులవలె నడచినవి.

ఆ యేటనే, కఱవింకను తల చూపకమునుపు, ఏప్రిలు నెల తుదిదినమున జర్మనీదేశపు పల్లెవైద్యు డొకడు తన సూక్ష్మదర్శినిని, చిట్టెలుకలను వెంటబెట్టుకొని బ్రెస్లావు విశ్వవిద్యాలయమునకు పోయెను. ఆతని పేరు రాబర్టు కోక్. వయస్సు 32 ఏండ్లు. గొఱ్ఱెలను, పశువులను ఒక్కపూటలో పడగొట్టు తెవులొకటి యెట్లు పుట్టుచున్నదో ఆతడక్కడి పండితుడైన ఫెర్డినాండు కోనునకు కన్నులార చూపించెను. ఒక తెవులునకు ఒక ప్రత్యేకమైన సూక్ష్మజీవియే కారణమని సందేహమునకు చోటులేకుండ ఋజువైన తొలి సందర్భములలో నిది ముఖ్యమైనది. పాశ్చాత్యులు ఆంత్రాక్సనునట్టి యీ తెవులునకు మన గొల్లలు, కురుబలు పెట్టుకొన్న పేరు దొమ్మ.

ఈ రెండు సంగతులకు నాడు సంబంధమేమియు లేదు. కోక్ కనుగొన్నది మన పల్లెమందలను చేరుటకు చాల కాలము పట్టెను. ఆ నడిమికాలమున నష్టపడిన వారెవ్వరో, నింద మోసిన వారెవ్వరో చెప్పవలెననియే యీ వ్యాసము వ్రాయుచున్నాను.

ఖాజీపేట ప్రాంతము నెఱిగిన చదువరులకు నేను చెప్పబోవు పరిస్థితులు క్రొత్తవి గావు. కడపనుండి మైదుకూరునకు పోవు బాటపై నున్న యీ యూరికి తూర్పున నల్లమల, లంకమల కొండలవరుసలు; పడమట కుందూ పెన్నల లోయలలోని నల్లరేగడి. కర్నూలు-కడప కాలువ నీరు పాఱినచోట వరియు పసుపును పండును. నీరందని మెట్టలలో బ్రదుకునకు ఆధారము గొఱ్ఱె, మేక. కోతలైన పిదప రైతు తన చేనిలో మందను రాత్రులు నిలిపించుకొని, ఆ పెంటికయెరువునకు కాపరికి గింజలిచ్చుట యీ సీమలో ననాదిగా నున్న యేర్పాటు. ఇది యిరువురకును లాభకరమైనదే. కాని దొమ్మతగిలిన గొఱ్ఱె యొక్కటి ఆ రాత్రి ఆ చేనిలో చచ్చెనేని, ఆ చేనికి ఎరువుతోపాటు మఱియొకటియు దక్కును. అదియేమో ముందు చెప్పెదను.

సాయంకాలము మందలో గలిసి మేసిన గొఱ్ఱె తెల్లవాఱునప్పటికి కాళ్లు చాపి పడియుండును. కడుపు తొందరగా ఉబ్బును. నోటినుండియు ముక్కునుండియు వెనుకదారినుండియు నల్లని నెత్తురు కాఱును, అది గడ్డకట్టదు. చచ్చిన జంతువు సాధారణముగా కొయ్యబాఱవలెను, ఇది సరిగా కొయ్యబాఱదు. ఈ గుఱుతులన్నియు మన కాపరులు ఏ వైద్యశాస్త్రమును చదువకయే యెఱిగియుండిరి. కారణము మాత్రము వారికి కనబడలేదు. పోలేరమ్మకో గంగమ్మకో కోపము వచ్చినదని తలంచి, జాతర చేసి, పొలిమేర చుట్టు పొలి చల్లిరి. దీనిని చూచి నవ్వు చదువుకొన్నవారు మనలో కొందఱు గలరు. తెవులు పొలిమేర దాటి వచ్చునని గ్రహించిన వారు కేవల మూఢులు కారని నా యభిప్రాయము. అయితే పది యూళ్ల గొఱ్ఱెలు జాతరపేర నొక్కచోట చేరుటచేత తెవులునకు దారి యేర్పడుచుండెనను సంగతి వారికి తెలియలేదు.

కోక్ కంటెముందే ఫ్రాన్సుదేశమున దవేనువంటివారు దొమ్మతో చచ్చిన గొఱ్ఱెల నెత్తుట సన్నని పుల్లలవంటి జీవులను చూచియుండిరి. కాని ఆ పుల్లలే తెవులునకు కారణమని చెప్పుటకు ఒక చిక్కు అడ్డము వచ్చెను. నెత్తుటిలోని యా జీవులు కొలది దినములలోనే నశించిపోవును. అట్లయ్యును ఏండ్ల తరబడి పశువు త్రొక్కని బీటిలో మరల మంద దిగినప్పుడు తెవులు పుట్టుచుండెను. కోక్ ఎద్దుకంటిలోని నీటియందు ఈ జీవులను పెంచి, గంట గంటకు చూచుచు, ఆ చిక్కును విప్పెను. జీవమునకు తగిన వేడియు ఆహారమును తప్పి, గాలి సోకినప్పుడు, ఆ పుల్లలోపల గుండ్రని మెఱయు గింజ యొకటి యేర్పడును. అది బీజము. దానికి ఎండ, చలి, కఱవు అనునవి లెక్కలేదు. అనుకూలమైన యొడలు దొరకినప్పుడు మరల మొలకెత్తి పుల్లయగును.

ఈ బీజము ఎంతకాలము నిలుచునో తెలియుటకు ఒక్క యుదాహరణము చాలును. రెండవ ప్రపంచయుద్ధకాలమున, 1942లో, ఆంగ్లేయులు దొమ్మ బీజములను ఆయుధముగా వాడవచ్చునా యని స్కాట్లండు తీరమున గ్రూయినార్డు అను చిన్నదీవిలో గొఱ్ఱెలను కట్టివేసి పరీక్షించిరి. గొఱ్ఱెలు చచ్చినవి. ఆ దీవి మాత్రము 1986లో ఫార్మాల్డిహైడు కలిపిన సముద్రపునీటితో నేలనంతయు తడుపువఱకు మనుష్యులు కాలుపెట్టుటకు పనికిరాక పోయెను. 1990లోగాని అది నిరపాయమని ప్రకటింపలేదు. పరీక్షకొఱకు చల్లిన బీజములు నలువదియేండ్లకు పైగా నిలిచినవన్నమాట. సున్నపుపాలు గల క్షారభూములలో, కొంతకాలము నీట నాని కొంతకాలమెండు నేలలలో, ఈ బీజములు మఱింత సుఖముగా నుండునని శాస్త్రజ్ఞులు చెప్పుదురు. రాయలసీమ జిల్లాలును దొమ్మ మాటిమాటికి కనబడు ప్రదేశములలో చేరుట వింత గాదు. కఱవు పిమ్మట తొలకరి కురిసి పొట్టిగడ్డి మొలచినపుడు ఆకొన్న గొఱ్ఱె ఆ గడ్డిని వేళ్లతో, మట్టితో పెఱికి తినును. మట్టితోపాటు బీజములు లోనికి పోవును.

బీజములు మట్టిపైకి ఎట్లు వచ్చునో పాస్తురు కనిపెట్టిన కథ రసవంతమైనది. షార్ట్రు పట్టణసమీపమున నొక పొలములో నడచుచుండగా ఒకచోట మట్టిరంగు తక్కిన నేలకంటె వేఱుగా నుండుట ఆయన చూచెను. క్రిందటి యేడు దొమ్మతో చచ్చిన గొఱ్ఱెలను అక్కడ పాతితిమని పొలముగలవాడు చెప్పెను. వంగి చూడగా నేలపై వానపాములు విడిచిన సన్నని మట్టిచుట్ట లగపడెను. లోతున పాతిన కళేబరమునుండి బీజములను మట్టితో మ్రింగి వానపాములు పైకి తెచ్చుచున్నవని ఆయన యూహించి, ఆ మట్టిని పరీక్షించి, 1880లో ప్రకటించెను. మఱుసటియేడు మేనెలలో పూయీ-లె-ఫోరు అనుచోట 24 గొఱ్ఱెలకును ఒక మేకకును కొన్ని యావులకును బలము తగ్గించిన దొమ్మక్రిమిని టీకావేసి, అన్నియే గొఱ్ఱెలను టీకాలేకుండ ఉంచి, నెలతుదిని అన్నింటికిని తీవ్రమైన క్రిమి నెక్కించెను. జూను 2వ తేదీని జనులు గుంపులుగా చూడవచ్చిరి. టీకాలేని గొఱ్ఱెలు ఆ సాయంకాలములోపల చచ్చినవి; టీకాగలవి మేయుచుండెను.

అంతదూరమున అట్టి వేడుక జరుగుచుండగా ఇక్కడ మనవారి గతి యెట్లుండెనో చూతము. 1877 జనవరిలో కఱవు విచారణకై వచ్చిన సర్ రిచర్డు టెంపులు కఱవుపనులు చేయువారి దినబత్తెమును ఒక పౌను ధాన్యమునకు కుదించెను. చెన్నపురి రాజధాని ఆరోగ్యాధికారియైన డాక్టరు కార్నిషు దీనిని గట్టిగా నెదిరించెను. ఆ బత్తెముతో బ్రదుకవచ్చునేమో కాని పని చేయలేరనియు, చిక్కిన దేహములు తెవుళ్లకు వశమగుననియు ఆయన వాదించెను. కొన్ని నెలలకు ప్రభుత్వము బత్తెమును హెచ్చింపవలసి వచ్చెను. అప్పటికి జరుగవలసిన నష్టము జరిగెను. 1877లో చెన్నపురి రాజధానిలో కలరాచేత చనిపోయినవారిగా లెక్కకెక్కినవారే మూడున్నర లక్షలకు మించిరి. వాంతిభేదిని కలిగించు క్రిమికి గొఱ్ఱెలతోగాని ఎద్దులతోగాని పనిలేదు. మనుష్యుని మలమునుండి నీటిలో చేరి, నీటినుండి మనుష్యుని కడుపు చేరును. ఎండినబావి అడుగునీరు వేలకొలది జనులు త్రాగిన శిబిరములకంటె దానికి మంచి తావేమి కావలెను? అది ప్రేగులను తినివేయదు. ఒక విషమును విడుచును. ఆ విషమువలన ప్రేగులగోడలు దేహములోని నీటిని, ఉప్పును బియ్యపుకడుగునీళ్లవలె బయటికి పోసివేయును. ఈ విషమును 1959లో కలకత్తాలో శంభునాథ దే కనుగొనెను. ఉప్పును చక్కెరయు కలిపిన నీరు త్రాగించినచో రోగి బ్రదుకునని 1971లో బంగాళపు శరణార్థిశిబిరములలో దిలీప్ మహాలనబీసు వేలమందికి చేసి చూపించెను. కఱవునాటి శిబిరములలో ఉప్పు లేకపోలేదు, బెల్లము లేకపోలేదు. ఆ నీటిచుక్క విలువ తెలిసినవా డొక్కడును లేకపోయెను.

కలరా సంగతి యింతటితో విడిచెదను. దొమ్మకు మరల వత్తము.

మందలో నాలుగు గొఱ్ఱెలు ఒక్కరాత్రి చచ్చిన కాపరికి ఎదుట రెండు దారులుండెను. పాతిపెట్టెనేని ఏడాది కష్టము మట్టిపాలు. కోసి మాంసమును, తోలును అమ్మెనేని నష్టములో కొంతయైన చేతికి వచ్చును. ఆకలిగొన్న యూరిలో చౌకమాంసమునకు గిరాకి యుండకపోదు. కత్తి పడినతోడనే, కళేబరములో గాలితగులక నిద్రించు క్రిములకు గాలి తగిలి బీజములగును. నెత్తురు కాఱినచోట నేల చెడును. కోసినవాని చేతిపై చిన్నగాటున్న చాలును; రెండుమూడు దినములలో దురదపుట్టు పొక్కు లేచి, నీరుపట్టి, నడుమ బొగ్గువలె నల్లగా మాడును. గ్రీకుభాషలో ఆంత్రాక్సనగా బొగ్గే. నొప్పి లేకపోవుటచేత దానిని ఉపేక్షించుట సహజము. చికిత్సలేనిచో నూటికి ఇరువదిమంది వఱకు ప్రాణములకు మోసమగును. మాంసము తిన్నవారికి ప్రేగులలో పుట్టు దొమ్మ యింకను క్రూరమైనది. మామూలు వంటవేడికి క్రిమి చచ్చునేమో కాని బీజము చచ్చునను నమ్మకము లేదు.

గొఱ్ఱెకు కాపరియైన గలడు. చచ్చిన యెద్దును, ఆవును, ఎనుమును ఊరివెలుపలికి ఈడ్చుకొనిపోవుట మాదిగలకు ఊరు విధించిన వెట్టి. ఆ తోలుతోనే చెప్పులు, పలుపులు, బావినీరు తోడు కపిలకు కట్టు తోలుసంచి తయారయ్యెడివి. రైతు చేనికి నీరు పాఱినది ఆ తోలుచేత. కత్తిపట్టిన చేతిమీది నల్లపుండు మాత్రము ఆ రైతునకు రాలేదు. కూలికి బదులు ఆ గొడ్డుమాంసమే దక్కుచుండిన యిండ్లుండెను. ఊరిలోని పెద్దలు తామే యా పని నప్పగించి, ఆ మాంసమును చూచి తామే యసహ్యించుకొనిరి. మన సంస్కర్తలలోను కొందఱు చచ్చినదానిని తినుట అనాచారమని ఉపన్యసించి తృప్తిపడిరిగాని, తినకున్న యేమి తినవలెనో చెప్పలేదు. 1927లో మహాడు సభలో డాక్టరు అంబేద్కరు చచ్చిన పశువుల మాంసమును మానుడని తన వారిని కోరెను. పై నుండి తిట్టుటకును, తనవారి గౌరవము నిలుపుకొనుటకై లోనుండి పలుకుటకును గల భేద మెంతయో చదువరులే గ్రహింపగలరు.

ఇంగ్లండులోని బ్రాడ్‌ఫర్డు పట్టణము సంగతి దీనికి ప్రక్కన పెట్టి చూడదగినది. దూరదేశములనుండి వచ్చిన మేకబొచ్చును, అల్పాకా ఉన్నిని వేఱుచేయు కూలీలు ఊపిరాడక రెండుమూడు దినములలో చనిపోవుచుండిరి. అక్కడి వైద్యుడు జాన్ హెన్రీ బెల్ ఇది దొమ్మక్రిమియే యనియు, దుమ్ముతో ఊపిరితిత్తులలోనికి పోవుచున్నదనియు 1880 ప్రాంతమున తేల్చెను. ఉన్ని విప్పుటకును గాలిమరలు పెట్టుటకును నిబంధన లేర్పడెను. 1919లో చట్టమొకటి పుట్టి, అపాయకరమైన ఉన్నిని లివర్‌పూలు రేవున శుద్ధిచేయు కర్మశాల వెలసెను. కూలీల నెవ్వరును అనాచారులనలేదు. ఉన్నిని కడిగిరి. మనదేశమున దొరతనము అదేదొరలదే. కాని ఊరిబయట తోలు తీయువానికొఱకు అట్టి చట్ట మేదియు పుట్టలేదు.

దొమ్మ యొక్కటియే కాదు. వానకాలమున ఎనుముల గొంతు వాచి, గుఱకపెట్టి, ఒక్కదినములో చంపు గొంతువాపు. కోడెల తొడ, జబ్బ ఉబ్బి నొక్కిన చిటపటలాడు జబ్బవాపు. ఇవియు సూక్ష్మజీవుల చేతలే. ఇవి మనుష్యునకు సాధారణముగా రావు. ఆవులు నెలలునిండక ఈచుకపోవుటకు కారణమైన బ్రూసెల్లా క్రిమి మాత్రము మనుష్యునకును వచ్చును. కాచని పాలవలనను, ఈనునప్పుడు చేయిపెట్టి సాయముచేసినవారికి మాయవలనను సోకి, వచ్చుచు పోవుచు నెలలతరబడి యుండు జ్వరమును, కీళ్లనొప్పులను తెచ్చును. 1887లో మాల్టాదీవిలో డేవిడు బ్రూసు దీనిని కనుగొనెను. మన కాపరులలో ఎందఱు ఈ జ్వరమును ఎండదెబ్బయనియో గాలిసోకనియో భరించిరో దేవునికి తెలియవలెను.

ఇక మందుల చరిత్ర. పాస్తురు టీకా బలము ఒకప్పుడు హెచ్చి, ఒకప్పుడు తగ్గి, చిక్కులు పెట్టుచుండెను. 1930 తరువాత దక్షిణాఫ్రికాలో మాక్సు స్టెర్ను పైపొరలేని దొమ్మక్రిమి నొకదానిని ఏర్చి తీసెను. పైపొర లేకపోవుటచేత అది తెవులు తేలేదు. బ్రదికియుండుటచేత దేహమునకు రక్షణ నేర్పును. ఆ వంశపు టీకాయే నేటికిని లోకమంతట పశువులకు వేయుచున్నారు. అది బ్రదికియున్న టీకా గనుక, అదేసమయమున పెన్సిలినువంటి మందిచ్చిన యెడల టీకా వ్యర్థమగును. దీని రక్షణ ఏడాదికి మించి నమ్మదగినది గాదు గనుక, తెవులు కనబడిన యూళ్లలో ఏటేట వానలకు ముందుగా వేయవలెను. ఒక్కయేడు తప్పినను నేలలోని బీజము తప్పక కాచుకొనియుండును.

మనుష్యులకు వచ్చిన దొమ్మను కుదుర్చు మందులలో నొక కుటుంబమునకు తెలుగువాని పేరు ముడివడియున్నది. భీమవరమున 1895లో పుట్టిన యెల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లే పరిశోధనశాలకు నాయకుడైయుండగా, ఆయన ప్రోత్సాహమున బెంజమిన్ డగ్గరు అను వృద్ధశాస్త్రజ్ఞుడు నానావిధములైన మట్టులను పరీక్షించి, మిస్సోరి విశ్వవిద్యాలయపు పొలములోని మట్టియందు పసుపుపచ్చని జీవి నొకదానిని కనుగొనెను. దానినుండి తీసిన ఆరియోమైసిను 1948లో వెలువడెను. ఆ యేటి ఆగస్టులోనే సుబ్బారావు మరణించెను. ఆ కుటుంబములోని డాక్సీసైక్లినును వైద్యులు నేడు దొమ్మరోగులకిచ్చుచున్నారు. తెవులిచ్చిన మట్టియే మందు నిచ్చుట ముచ్చటయైన విషయము. కాని దీనికి వెనుకకథ యొకటి కలదు. 1950 ప్రాంతమున అదే లెడర్లేలో, ఈ మందు తీసిన పిప్పిని కోళ్లకు పెట్టగా అవి త్వరగా పెరిగినవి. అంతట లోకమున కోళ్లకు, పందులకు, దూడలకు రోగము లేకున్నను మందు మేపుట వాడుకయయ్యెను. ప్రతిదినము కొంచెముగా మందు తిన్న సూక్ష్మజీవులలో దానికి లొంగనివి మిగిలి వృద్ధిపొందినవి. ఐరోపావారు పెరుగుదలకొఱకు మందు మేపుటను 2006లో మానిపించిరి. మనుష్యులకు తుదియాశగా దాచుకొన్న కొలిస్టినును పశువులకు, కోళ్లకు వాడరాదని మన ప్రభుత్వము 2019లో శాసించెను.

దొమ్మ నేటికిని పోలేదు. విశాఖ మన్యమున ఈ శతాబ్దములోనే పలుమాఱులు, చచ్చిన గొఱ్ఱెలను మేకలను కోసి తిన్న గిరిజనుల చేతులపై నల్లపుండ్లు లేచి, వైద్యబృందములు కొండలెక్కవలసి వచ్చెను. అప్పుడప్పుడు పత్రికలలో వచ్చిన వ్రాతలు చదివినచో, ఆ గిరిజనుల అజ్ఞానమును గూర్చిన విలాపమే యెక్కువగా కానవచ్చును. గొఱ్ఱె చచ్చిన దినముననే దాని వెల యెవ్వరైన చేతిలో పెట్టిరా యని యడిగిన వ్రాత నాకు కనబడలేదు. కాపరికి ఆ వెల ముట్టిననాడు కత్తి తీయవలసిన యవసరమే యతనికి లేదు. టీకామందు ఎంత చౌకయైనదో, ఈ పరిహారము లెక్కించినను ఒక్క యూరికి అంతకంటె మిక్కిలి పెద్దమొత్తము గాదు. 2009లో చేసిన పశువ్యాధుల చట్టమున దొమ్మ చేరినది; తెవులు కనబడినతోడనే అధికారికి తెలుపుట పశువుగలవాని విధి. తెలిపినవానికి కలుగు నష్టమును తీర్చు బాధ్యత గూడ అంత గట్టిగా నున్నగాని ఈ విధి సాగదు.

పాతిపెట్టుటను గూర్చియు ఒక మాట. ఆఱడుగుల లోతున సున్నము చల్లి పాతుడని చిరకాలముగా చెప్పుచున్నారు. సున్నములోని కాల్షియము బీజమునకు ఆయువు పోయునేమోయని ప్రపంచారోగ్యసంస్థవారు 2008లో ప్రకటించిన గ్రంథమున సందేహము వెలిబుచ్చి, కాల్చుటయే శ్రేష్ఠమని చెప్పిరి. వంటచెఱకునకే కొఱత గల మెట్టసీమలో ఎద్దును పూర్తిగా కాల్చుట సులభము గాదు. అట్టిచోట లోతైన గొయ్యి తీసి, రంధ్రములన్నియు మూసి, కుక్కలు నక్కలు త్రవ్వకుండ ముండ్లకంప వేసి, ఆ తావున మంద దింపకుండుట మేలు. దొమ్మ అవునా కాదా యని తెలిసికొనుటకు కళేబరమును చీల్చవలసిన పనియే లేదు. పశువైద్యుడు వచ్చి చెవిలోని నరమునుండి ఒక్క నెత్తుటిబొట్టును అద్దపుపలకపై అద్ది, రంగువేసి, సూక్ష్మదర్శినిలో చూచును. గులాబిరంగు పొర చుట్టిన నీలపుపుల్లలు వరుసగా కనబడినచో దొమ్మయే. ఖాజీపేట వంటి మండలపు టూరిలో పశువుల ఆసుపత్రియున్నది. సూక్ష్మదర్శినియు పలకయు పెద్ద ఖరీదైనవి గావు. చచ్చిన గొఱ్ఱెపై గోనెపట్టా కప్పి, పసిపిల్లలను దూరముగా నుంచి, అక్కడికి కబురంపుట కాపరి చేయవలసినది. కబురందిన దినముననే వచ్చుట అవతలివారు చేయవలసినది.